ఆసుపత్రి తన లెక్క తాను చూసుకోవడం

వార్డుకు వచ్చిన బంధువులు ఒక్కొక్కసారి, "సిస్టరుగారూ, ఆ రిజిస్టరులో ఎప్పుడూ ఏమి రాస్తుంటారండీ?" అని అడుగుతుంటారు. జ్వరం, బి.పి., మందులు మాత్రమే కాదు. ఎవరైనా జారిపడ్డారా, ఎవరికైనా పడక పుండ్లు వచ్చాయా, సెలైన్ పెట్టిన చోట వాచిందా అన్నవి కూడా రాస్తాము. ఆసుపత్రి తన పనిని తాను పరీక్షించుకునే లెక్కలివి. వీటిని మరొక వార్డుతోనో మరొక ఆసుపత్రితోనో పోల్చి చూడడాన్ని బెంచ్‌మార్కింగ్ అంటారు. మాట వ్యాపార సంస్థల నుండి వచ్చింది గాని, ఆసుపత్రులలో ఈ పని చాలా పాతది.

1840లలో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు పని నేర్చుకునేవారు. గర్భిణులను రోజు మార్చి రోజు ఒక్కొక్క వార్డులో చేర్చుకునేవారు. 1841 నుండి 1846 వరకు మొదటి వార్డులో నూటికి సుమారు 10 మంది తల్లులు చనిపోగా, రెండవదానిలో సుమారు 4 మందే చనిపోయారు. మొదటి వార్డు వద్దని స్త్రీలు బతిమాలుకునేవారట.

అక్కడి సహాయ వైద్యుడు సెమ్మెల్‌వైస్ ఈ తేడాను వదిలిపెట్టలేదు. రద్దీ కారణమా అంటే, రెండవ వార్డులోనే జనం ఎక్కువ. కాన్పు సమయంలో పడుకోబెట్టే తీరు మార్చి చూశారు. మరణిస్తున్న వారి దగ్గరకు గంట మోగిస్తూ వెళ్ళే గురువుగారి దారి కూడా మార్పించారు. మరణాలు తగ్గలేదు. 1847లో ఆయన స్నేహితుడొకరు శవపరీక్ష సమయంలో కత్తి గాటు తగిలి, ఆ తల్లుల జబ్బు వంటి జబ్బుతోనే చనిపోయారు. విద్యార్థులు శవపరీక్ష గది నుండి నేరుగా కాన్పు గదికి వస్తున్నారు, మంత్రసానులు ఆ గదికి వెళ్ళరు. ఆ మే నెలలో క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగడం తప్పనిసరి చేశారు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న మరణాలు జూలైకి ఒకటికి కాస్త పైన నిలిచాయి. అయినా చాలామంది వైద్యులు ఒప్పుకోలేదు. పోలికలో తక్కువ వచ్చినవారికి కష్టంగానే ఉంటుంది మరి.

పోలిక ఎక్కడ వెదకాలో చెబుతుంది, కారణం చెప్పదు. కారణం మనమే వెదకాలి.

పోల్చేటప్పుడు న్యాయంగా పోల్చాలి. 100 పడకల ఆసుపత్రిలో నెలకు ఇద్దరు, 20 పడకల ఆసుపత్రిలో ఒక్కరు జారిపడ్డారనుకోండి. చిన్నదే మేలు అనిపిస్తుంది. కాని పడకలన్నీ నిండి ఉంటే 30 రోజులకు పెద్దదానిలో 3000 పడక రోజులు, చిన్నదానిలో 600. వెయ్యి పడక రోజులకు లెక్కిస్తే పెద్దదానిలో 0.7, చిన్నదానిలో 1.7.

ఇంకొకటి. ఏడాది పొడుగునా సున్నా రాసే వార్డును నేను ముందు అనుమానిస్తాను. రాసిన నర్సును తిడితే మరుసటి నెల లెక్క తప్పక తగ్గుతుంది, రోగులు మాత్రం పడుతూనే ఉంటారు.

2015లో మొదలైన కాయకల్ప పథకంలో ప్రభుత్వ ఆసుపత్రులు ముందు తమకు తామే మార్కులు వేసుకుంటాయి. తరువాత మరొక ఆసుపత్రివారు, ఆపైన బయటివారు వచ్చి చూస్తారు. మూడు సార్లు చూడడం మంచిదే. మనకు మనం మార్కులు వేసుకునేటప్పుడు చెయ్యి కొంచెం ధారాళంగా ఉంటుంది కదా!

చేతుల శుభ్రం లెక్కలోనూ ఇదే చిక్కు. రోగిని తాకే ముందు, తాకిన తరువాత, ఇలా 20 సందర్భాలు గమనించి 13 సార్లు శుభ్రం చేసుకుంటే 65 శాతం అని రాస్తాము. కాని సూపరింటెండెంటు పుస్తకం పట్టుకొని నిలబడితే అందరూ కడుగుతారు. రాత్రి రెండు గంటలకు మంచం పక్కన మేలుకొని ఉండేది మీరే. "సిస్టర్, చేతులు కడుక్కున్నారా?" అని మర్యాదగా అడగండి. డాక్టరుగారినైనా అడగవచ్చు. బాత్‌రూములో తాతగారు జారి, దెబ్బ తగలకపోయినా సరే, డ్యూటీ నర్సుకు చెప్పండి. కదలలేని రోగికి నడుము దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే అదే రోజు చూపించండి. పుండు పడకముందే కనిపెట్టవచ్చు, రిజిస్టరులోకి కూడా ఎక్కుతుంది.