చేపల చెరువులో పాచి: మందుకు ముందు గుర్తింపు

నందికొండవద్ద కృష్ణానదిపై 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద నల్లగొండ జిల్లాలో వరిసాగు విస్తరించినది. మడులకు వేసిన ఎరువులో కొంత భాగము మురుగునీటితో పల్లపు కుంటలకు, చెరువులకు చేరును. నత్రజని, భాస్వరము వరికి ఎట్లు బలమో పాచికిని అట్లే బలము. కావున చేపలు పెంచు రైతు పాచిని చూచి వెంటనే మందు చల్లరాదు. అది ఏ రకమో, దేనివలన వచ్చినదో ముందు తెలిసికొనవలెను. లేనిచో ఒక్క రాత్రిలో చేపలన్నియు చావవచ్చును.

పాచి అంతయు చెడ్డది కాదు

నీటికి లేత పచ్చరంగునిచ్చు సూక్ష్మమైన పాచి చెరువుకు మేలు చేయును. దానిని తిని బ్రతుకు చిన్న జీవులు బొచ్చె చేపకు ఆహారము. పాచి పగలు ప్రాణవాయువును విడుచును. రాత్రి దానినే పీల్చును. అందువలన పాచి మితిమీరిన చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు తరిగి, చేపలు పైకి తేలి నోళ్ళు తెరచును.

మూడు పరీక్షలు

1. చేతి పరీక్ష: మంచి ఎండలో చేతిని నిలువుగా నీటిలో ముంచవలెను. మోచేయి మునుగుసరికి అరచేయి మరుగుపడినచో పచ్చదనము సరిపోయినది. మణికట్టు మునుగగనే మరుగుపడినచో మితిమీరినది. మోచేయి మునిగినను అరచేయి స్పష్టముగా కనబడినచో, ఎండ అడుగుకు తగిలి పీచుపాచి పుట్టును. బురదనీటిలో ఈ పరీక్ష చెల్లదు. నీటిపై తెట్టు ఉన్నచోట చేయి పెట్టరాదు.

2. కర్ర పరీక్ష: తెట్టులో కర్ర ముంచి ఎత్తవలెను. జుట్టువలె పోగులు వ్రేలాడినచో అది పీచుపాచి. రంగు పూసినట్లు అంటినచో నీలాకుపచ్చ పాచిగా అనుమానించవలెను.

3. సీసా పరీక్ష: గాజుసీసాలో ముప్పాతిక వంతు చెరువునీరు పట్టి, కదల్చక ఒక రాత్రి నీడలో ఉంచవలెను. పచ్చదనము అడుగుకు దిగినచో సాధారణ పాచి. పైకి తేలి ఉంగరమువలె కట్టినచో నీలాకుపచ్చ పాచి అను అనుమానము బలపడును.

చేయవలసిన పనులు

పీచుపాచిని వలతో గాని వెదురుబొంగుతో గాని లాగి, గట్టుకు దూరముగా వేయవలెను. గట్టుపైనే కుళ్ళనిచ్చినచో దాని సారము మరల నీటిలో దిగును. 1959లో మన దేశమునకు తెచ్చిన గడ్డిచేప కూడ దీనిని కొంత తినును.

నీరు చిక్కగా పచ్చబడినచో పేడ, కోళ్ళఎరువు, యూరియా వేయుట మానవలెను, మేత తగ్గించవలెను. పావువంతు నీరు తీసి కొత్తనీరు పెట్టవలెను. పొలముల మురుగు చెరువులో పడకుండ అడ్డుకట్ట వేయవలెను. చేపలు తేలిన ఉదయము మేత పూర్తిగా ఆపి, మోటారుతో నీటిని ఎత్తి చిమ్మించినచో గాలి కలిసి చేపలు తేరుకొనును.

నీలాకుపచ్చ పాచిలో కొన్ని రకములు విషమును పుట్టించును. ఆ నీరు పశువులకు పెట్టరాదు, మనుషులు స్నానము చేయరాదు. కాచినను ఆ విషము పోదు. ఊరిచెరువులో ఇట్టి తెట్టు కనబడినచో పంచాయతి కార్యదర్శి చాటింపు వేయించి, మత్స్యశాఖకు, పశువైద్యునికి తెలుపవలెను.

మైలుతుత్తముతో జాగ్రత్త

మైలుతుత్తము పాచిని చంపును; కాని సున్నపుసారము తక్కువగానున్న నీటిలో చేపలను కూడ చంపును. చచ్చిన పాచి ఒక్కసారి కుళ్ళి, మిగిలిన ప్రాణవాయువును హరించును; విషపు పాచియైనచో దానిలోని విషమంతయు నీటిలో కలియును. నీటిని పరీక్ష చేయించి, మత్స్యశాఖ అధికారి సలహా పొందక దానిని వాడరాదు. వాడినను మూలమైన ఎరువు రాక ఆగనిదే పాచి మరల వచ్చును.

చేతి పరీక్షను వారమునకొకసారి చేసి, తేదీ, ఆ వారము వేసిన ఎరువు, మేత ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పాచి పెరిగిన వారమునకు ముందు వారపు లెక్క చూచినచో కారణము చాలవరకు అందులోనే దొరకును.