బోరు లోతు చూసి మోటారు వేగం

నాయనా,

మైక్రోకంట్రోలర్‌తో నీళ్ల మోటారు వేగం తగ్గించే ప్రాజెక్టు ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషమైంది. మన మదనపల్లె టమోటా రైతుకు అక్కరకొచ్చే చదువది. అయితే బోర్డు కొనకముందే ఒక లెక్క వేసుకో.

వేగం తగ్గిన పాళ్లలోనే నీళ్లూ తగ్గుతాయి. పంపు నీటిని ఎత్తగల ఎత్తు మాత్రం వేగం వర్గాన్ని బట్టి, తీసుకునే విద్యుత్తు ఘనాన్ని బట్టి పడిపోతాయి. కుప్పం వైపు సేద్యపు కుంటలోంచి పక్క మడికి పారించుకునేవాళ్లకు ఇది వరమే. మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది కాబట్టి, 50 హెర్ట్జ్‌కు బదులు 40లో నడిపితే విద్యుత్తు దాదాపు సగమే ఖర్చవుతుంది.

పుంగనూరు పక్క లోతు బోర్ల సంగతి వేరు. పూర్తి వేగంలో మహా అయితే 1000 అడుగులు ఎత్తగల పంపు ఉందనుకో. 40 హెర్ట్జ్‌కు దించితే 0.8 వర్గం 0.64, అంటే 640 అడుగులే. నీళ్లు 650 అడుగుల్లో ఉంటే? మోటారు తిరుగుతుంది, మీటరూ తిరుగుతుంది, పైపులో చుక్క రాదు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే కాబట్టి, పారకం ఆగితే వైండింగుకే ముప్పు. మరీ నెమ్మదిగా తిరిగితే కింది బేరింగు కూడా అరిగిపోతుంది. అందుకే మామూలుగా 30 హెర్ట్జ్ కంటే కిందికి దించరు.

త్రీఫేజ్ మోటారుకు వోల్టేజీ ఒక్కటే తగ్గిస్తే లాభంలేదు, వేడెక్కుతుంది. ఫ్రీక్వెన్సీతో పాటు దించాలి: 50 దగ్గర 415 వోల్టులైతే 40 దగ్గర 332. సోలారు పంపు కంట్రోలరు చేసేదీ ఇదే. పొద్దున్నే సోలారు పంపున్న బోరు దగ్గర నిలబడి చూడు. ఎండ ఎక్కేకొద్దీ డిస్‌ప్లేలో హెర్ట్జ్ అంకె పెరుగుతూనే ఉంటుంది, పైపు మాత్రం ఖాళీ. ఒక అంకె దగ్గర గాలి తన్ని, నీళ్లు దూకుతాయి. ఆ అంకె రాసుకో. ఆ బోరుకు నీ ప్రోగ్రాము అంతకంటే కిందికి దిగకూడదు.

ముందు 12 వోల్టుల చిన్న పంపుతో నేర్చుకో. మోటారు వేగం మార్చే 415 వోల్టుల డ్రైవ్ లోపల 580 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది, స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటుంది. పక్కన తెలిసినవాళ్లు లేకుండా మూత తీయొద్దు, ఇది మాత్రం నా మాట విను.

ఇంకోమాట, ఎండాకాలంలో నీటిమట్టం దిగితే నీళ్లు దూకే ఆ హెర్ట్జ్ అంకె పెరుగుతుంది. కనుక దాన్ని ప్రోగ్రాములో బిగించేయకు, రైతే మార్చుకునేలా ఒక నాబ్ పెట్టు.

మీ తాత