రెండవ సూది ఎందుకు మానరాదు?

“రెండు సూదులెందుకండీ, ఒక్కటి చాలదా?” అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల నుండి వచ్చే గర్భిణీ స్త్రీలు అడుగుతుంటారు. ధనుర్వాతం రాకుండా వేసే టి.డి. టీకా (పూర్వం టి.టి.) మొదటి మోతాదు శరీరాన్ని సిద్ధం చేస్తుంది. 4 వారాల తర్వాత వేసే రెండవదే తల్లికీ బిడ్డకూ చాలినంత రక్షణనిస్తుంది.

రెండు మోతాదులనూ ఒకే సూదిలో ఇవ్వాలని శాస్త్రజ్ఞులు 1990ల నుండి ప్రయత్నిస్తున్నారు. ఆపరేషన్లలో వాడే, ఒంట్లోనే కరిగిపోయే కుట్టుదారం వంటి పదార్థంతో సన్నని రేణువులు చేసి, టీకాలోని ప్రొటీనును వాటిలో ఉంచారు. రేణువు కరిగేకొద్దీ మందు వారాల తరబడి విడుదలవుతుంది.

చిక్కేమిటంటే, సీసాలో 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచే ప్రొటీను, ఒంట్లో 37 డిగ్రీల వేడిలో వారాలపాటు నిలవాలి. పైగా తేమ, రేణువు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లం దానిని పాడుచేస్తాయి. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిది కానట్లే, పాడైన ప్రొటీను తిరిగి పనికిరాదు. అందుకే చక్కెరలను, ఆమ్లాన్ని విరిచే మెగ్నీషియం హైడ్రాక్సైడును కలిపి పరీక్షించారు. అయినా అటువంటి ధనుర్వాతం టీకా ఇంకా వాడుకలోకి రాలేదు.

కాబట్టి తల్లులారా, కార్డుపై వ్రాసిన తేదీకి తప్పక రండి. ధనుర్వాతం సోకిన పసికందు పాలు చీకలేదు, ప్రాణానికే ముప్పు. గత కాన్పులో రెండు మోతాదులూ వేయించుకుని 3 ఏళ్ళు దాటకపోతే ఈసారి ఒక్క బూస్టరు చాలు. ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను కాపాడును గాక.