ఇంజను, షాఫ్టు ఒకే వరుసలో ఉండాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపుతారు. మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, ఏ రేవు చూసినా బోట్లు ఆగి ఉంటాయి. వలలు అల్లుతారు. పాడైన చెక్కలు మారుస్తారు. ఇంజన్లు బాగుచేయిస్తారు.

ఆ రోజుల్లో వేట రాబడి ఉండదు. ఖర్చు మాత్రం ఆగదు. డబ్బు సర్దేది, లెక్క చూసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. డబ్బు ఇచ్చేవారికి పని ఏమిటో తెలియాలి కదా! ఇంజను వరుస చూడటం అలాంటి పని. మెకానిక్కులు దీన్ని అలైన్‌మెంటు అంటారు.

బోటు ఎలా కదులుతుంది?

మరబోటు లోపల ఇంజను ఉంటుంది. ఇంజను వెనుక గేరుబాక్సు. దాని నుంచి ఒక పొడవైన కడ్డీ బోటు బయటికి వెళుతుంది. అదే షాఫ్టు. షాఫ్టు చివర, నీళ్లలో ఫ్యాను ఉంటుంది. ఫ్యాను తిరిగి నీళ్లను వెనక్కి నెడుతుంది. బోటు ముందుకు పోతుంది.

గేరుబాక్సుకు ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. షాఫ్టుకు ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి బోల్టులు బిగిస్తారు. దీన్ని కప్లింగు అంటారు. ఈ బిళ్లలు సమంగా అతకాలి.

తిరగలి మధ్య మేకు వంగితే ఏమవుతుంది? పై రాయి కుదుపుతో తిరుగుతుంది. చెయ్యి నొప్పి పుడుతుంది. రాయి ఒక పక్కే అరుగుతుంది. ఇంజను వరుస తప్పినా అంతే.

వరుస ఎందుకు తప్పుతుంది?

ఇంజను కింద రబ్బరు దిమ్మలు ఉంటే అవి పాతబడి అణిగిపోతాయి. బోల్టులు వదులవుతాయి. ఫ్యానుకు తాడు చుట్టుకుంటుంది. ఇసుక మేటకు తగిలి షాఫ్టు వంగుతుంది.

గుర్తులు ఇవి:
1. బోటు ఎక్కువగా అదురుతుంది.
2. కప్లింగు బోల్టులు మాటిమాటికీ వదులవుతాయి.
3. గేరుబాక్సు వెనుక ఆయిలు కారుతుంది.
4. గ్లాండు దగ్గర నీళ్లు ఎక్కువగా వస్తాయి.

గ్లాండు అంటే ఏమిటి? షాఫ్టు బయటికి పోయే చోట నీళ్లు లోపలికి రాకుండా గ్రీజు తాడు చుట్టి బిగిస్తారు. అదే గ్లాండు. షాఫ్టు తిరిగేటప్పుడు చుక్క చుక్కగా నీళ్లు పడితే భయం లేదు. ఆ నీళ్లే తాడును చల్లగా ఉంచుతాయి. ధార కడితే మాత్రం ప్రమాదం. నడిసముద్రంలో బోటులోకి నీళ్లు చేరతాయి. కప్లింగు బోల్టులు తెగితే ఇంజను తిరుగుతుంది, బోటు కదలదు. గాలివాన వస్తే లోపలున్న మనవాళ్ల గతి ఏమిటి?

మెకానిక్కును అడగండి

"తమ్ముడూ, బోటు ఒడ్డునే ఉంది కదా. ఇప్పుడే వరుస చూసేస్తావా?"

"ఇప్పుడు ఉజ్జాయింపుగా పెడతానక్కా. అసలు కొలత నీళ్లలోనే."

"అదేం?"

"ఒడ్డున దిమ్మల మీద ఉన్నప్పుడు బోటు ఒకలా వంగుతుంది. నీళ్లలో తేలితే ఇంకోలా ఉంటుంది. చెక్కబోటైతే చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది కూడా. నీళ్లలో దించి ఒకటి రెండు రోజులు ఆగాలి. అప్పుడు కొలవాలి."

"అయితే నీళ్లలో కొలిచాకే మొత్తం డబ్బు ఇస్తాను. కొలతలు నా పుస్తకంలో రాయాలి."

"అలాగే అక్కా!"

ఎలా కొలుస్తారు?

ముందు ఇంజను ఆపాలి. తాళం తీసి దగ్గర పెట్టుకోవాలి. కప్లింగు బోల్టులు విప్పుతారు. షాఫ్టు కొస తన బరువుకు కిందికి వాలుతుంది. దాన్ని సరిగా ఎత్తి ఆనించాలి. రెండు బిళ్లల అంచులు ఒకే ఎత్తులో ఉండేలా చూడాలి. తర్వాత బిళ్లల మధ్య సందు కొలవాలి. దీనికి ఫీలర్ గేజి వాడతారు. అది పలుచని ఉక్కు రేకుల గుత్తి. ప్రతి రేకు మీద దాని మందం రాసి ఉంటుంది. పైన, కింద, కుడి, ఎడమ, నాలుగు చోట్లా కొలవాలి.

ఒక కొలత చూడండి. ఇవి మిల్లీమీటరులో నూరో వంతులు.

పైన 20
కింద 36
కుడి 28
ఎడమ 28

పైకీ కిందికీ తేడా 16. బిళ్ల వెడల్పు 4 అంగుళాలైతే తేడా సుమారు 10 దాటకూడదు. అంటే నోటుపుస్తకంలో ఒక కాగితం మందం! ఇంజను పుస్తకంలో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే పాటించాలి.

కింద సందు ఎక్కువుంటే ఇంజను ముందు వైపు కొంచెం దించుతారు. పైన ఎక్కువుంటే ముందు వైపు ఎత్తుతారు. పక్కల్లో తేడా ఉంటే ఇంజనును పక్కకు జరుపుతారు.

షాఫ్టు బిళ్లను మాత్రమే చేత్తో పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవాలి. ఎక్కువ సందు ఆ బిళ్లతో పాటే చోటు మారిందా? అయితే షాఫ్టు గానీ బిళ్ల గానీ వంగినట్టు. ఇంజను జరిపి లాభం లేదు. వంగిన దాన్ని బాగుచేయించాలి.

ఇంజను దిమ్మల బోల్టులు బిగించాక ఇంకోసారి కొలవాలి. బిగిస్తే వరుస మళ్లీ కదలవచ్చు. అన్నీ సరిపోయాకే కప్లింగు బిగించాలి.

జాగ్రత్త! తిరిగే షాఫ్టు దగ్గరికి చీర కొంగు, జడ, వదులు బట్టలు పోనివ్వకండి. చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

తేదీ, నాలుగు కొలతలు, ఇచ్చిన డబ్బు రాసి ఉంచండి. వచ్చే ఏడు కొలతలు పక్కన పెట్టి చూడండి. ఎంత కదిలిందో మీకే తెలుస్తుంది.

జవాబులు రాయండి

1. వేట ఎన్ని రోజులు ఆపుతారు?
2. అసలు కొలత ఒడ్డున తీయాలా, నీళ్లలో తీయాలా? ఎందుకు?
3. కుడి 40, ఎడమ 22. తేడా ఎంత? 4 అంగుళాల బిళ్లకు ఇది సరేనా?
4. మీ రేవులో ఒక బోటు కప్లింగు చూడండి. చూసింది నాలుగు వాక్యాల్లో రాయండి.