అచ్చుపోతకు ఎపాక్సీ రెజినును ఎన్నుకొనుట

మన పెద్దలు చెట్లనుండియు పురుగులనుండియు లభించు జిగురులను చిరకాలమునుండి చేతిపనులయందు వాడుచుండిరి. ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱ బొమ్మలకు లక్క పట్టింతురు. కొండపల్లిలో పొనికి కఱ్ఱ ముక్కలను చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. ఇప్పుడు చేతిపనివారి బల్లమీదికి ఎపాక్సీ రెజిను అను క్రొత్త జిగురు వచ్చియున్నది. పెండ్లిదండలోని పూలను, పసిబిడ్డ తలవెండ్రుకలను, గవ్వలను అందులో పొదిగి దాచుకొనుట నేడు వాడుకయైనది. అట్టి వస్తువు ఒక్కటియే యుండును. చెడినచో రెండవది దొరకదు. కావున ఏ రెజినును ఎన్నుకొనవలయునో ముందుగా నేర్చుకొనుట అవసరము.

ఎపాక్సీని గూర్చి 1930 తరువాతి సంవత్సరములలో జర్మనీలో పాల్ ష్లాక్, స్విట్జర్లండులో పియరీ కాస్టన్ అనువారు శోధించిరి. 1946లో సీబా అను స్విస్ సంస్థ దీనిని అరాల్డైట్ అను పేర అతుకుపదార్థముగా లోకమునకు చూపెను. ఇది రెండు సీసాలుగా వచ్చును: ఒకటి రెజిను, రెండవది హార్డెనర్. రెజిను అణువుల కొనలయందు రెండు కార్బను పరమాణువులును ఒక ఆక్సిజను పరమాణువును గల చిన్న వలయములుండును. హార్డెనర్‌లోని అమీనులు ఆ వలయములను తెఱచి అణువులను వలవలె అల్లును. లక్క వేడికి కరగి చల్లబడి మరల గట్టిపడును. ఎపాక్సీ అట్లు కాదు. కాల్చిన కుండ మరల మట్టి కానట్లే, గట్టిపడిన రెజిను మరల ద్రవము కాదు.

ఇచట ఒక భేదమును గమనింపవలయును. తెనాలి శిల్పకళకు పేరుగన్న ఊరు. అచటి సూర్యశిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు గారు పాత ఇనుపముక్కలతో విగ్రహములు నిర్మించి ఖ్యాతి గాంచిరి. మన ప్రాంతమున ఫైబరు విగ్రహములని పిలువబడునవి సాధారణముగా గాజునూలును పాలియెస్టర్ రెజినుతో తడిపి చేయునవి. పాలియెస్టర్‌లో గట్టిపరచు మందును నూటికి ఒకటి రెండు పాళ్లు చొప్పున, ఎండను బట్టి కొంచెము హెచ్చుతగ్గులుగా వేయవచ్చును. ఎపాక్సీలో అట్టి స్వేచ్ఛ లేదు. హార్డెనర్ హెచ్చయినను తగ్గినను జతలేని అణువులు మిగిలి వస్తువు జిగటగానే యుండిపోవును. పాలియెస్టర్ చవుక, కాని ఘాటైన వాసన గలది, గట్టిపడునప్పుడు ఎక్కువగా కుంచించుకొనును. ఎపాక్సీ తక్కువగా కుంచించుకొనును గనుక సన్నని పనికి మేలు.

ఎపాక్సీలోను రెండు జాతులు కలవు. పైపూతకు పనికివచ్చునది చిక్కనిది, త్వరగా గట్టిపడునది. దానిని కొన్ని మిల్లీమీటర్ల పొరగానే పోయవలయును. అచ్చుపోతకు తగినది పలుచనిది, నెమ్మదిగా గట్టిపడునది; గాలిబుడగలు దానిలోనుండి సులువుగా పైకి లేచును. గట్టిపడునప్పుడు వేడి పుట్టును. పైపూత రెజినును లోతైన అచ్చులో పోసినచో ఆ వేడి బయటికి పోలేక, రెజిను పొగలు చిమ్మి పగులును. లోనున్న పూవు నల్లబడును. లోతు అచ్చుల రెజినును పలుచగా పోసినచో వేడి చాలక దినముల తరబడి మెత్తగా నుండును. కావున సీసామీద వ్రాసిన లోతును చదువక కొనరాదు.

కొలత నొక లెక్కతో చూతము. అచ్చు పొడవు 10, వెడల్పు 10, లోతు 1 సెంటీమీటరు అయినచో ఘనపరిమాణము 100 ఘన సెంటీమీటర్లు. రెజిను మిశ్రమము ఘన సెంటీమీటరునకు సుమారు 1.1 గ్రాము తూగును. కావున 110 గ్రాములు కావలయును. తూకమున 2:1 పాళ్లయినచో రెజిను 73.3, హార్డెనర్ 36.7 గ్రాములు. సీసామీది పాళ్లు తూకమునకో, కొలపాత్రకో తెలిసికొనవలయును. రెండింటి సాంద్రతలు వేఱు గనుక ఒకదానికి బదులు మరొకటి చెల్లదు.

మన వాతావరణమును కూడ లెక్కింపవలయును. ఉష్ణము 10 డిగ్రీలు హెచ్చినచో మిశ్రమము పనికివచ్చు కాలము రమారమి సగమగును. 25 డిగ్రీలవద్ద 40 నిమిషములున్నది 35 డిగ్రీలవద్ద 20 నిమిషములే. వేసవిలో నెమ్మదైన హార్డెనర్‌నే కొనవలయును. సూర్యలంక సముద్రము చెంతనున్న బాపట్లలోను, కృష్ణానది చేరువనున్న రేపల్లెలోను గాలి తేమగా నుండును. తేమయు బొగ్గుపులుసు వాయువును అమీనులతో కలిసినచో పైన తెల్లని మైనపు పొర పట్టును. వానదినములలో మూసిన పొడి గదిలో పోయుట మంచిది. పూలను ముందుగా సిలికాజెల్‌లో చక్కగా ఎండబెట్టవలయును. పచ్చిపూవు లోలోననే గోధుమవర్ణమగును.

ఎండ తగిలిన ఎపాక్సీ పసుపెక్కును. దానిని అరికట్టు మందులు కలిపినను ఆలస్యమగునే గాని ఆగదు. పెక్కు రెజినులు 50, 60 డిగ్రీలకే మెత్తబడును; వేడి కాఫీ గ్లాసు క్రింద ముద్ర పడుట అందువలననే. ఆరుబయటి నామఫలకములకు ఇది తగినది కాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఆరోగ్యము. గట్టిపడని రెజిను చర్మమునకు పలుమార్లు తగిలినచో దురద, పొక్కులు పుట్టును. ఒకసారి ఆ గుణము పట్టినచో జీవితాంతము విడువకపోవచ్చును. నైట్రైల్ చేతిజోళ్లు తొడిగి, గాలి వీచు చోట, పెద్దల యెదుటనే పనిచేయవలయును. చర్మమునకు అంటినచో సబ్బుతో నీళ్లతో కడుగవలయును, ద్రావకములతో తుడువరాదు. అరగదీయునప్పుడు ముక్కునకు తగిన మాస్కు ఉండవలయును. మిగిలినదానిని కాలువలలో పోయక, గట్టిపరచి పారవేయవలయును.

విద్యార్థులారా! అంగడిలో మెఱయు సీసాను చూచి కొనకుడు. అచ్చు లోతెంత, ఎండ యెంత, తేమ యెంత, వస్తువు నిలుచు చోటేది అను నాలుగు ప్రశ్నలు మొదట వేసికొనుడు. ముందు చిన్న అచ్చులో పరీక్షించి, పిదపనే ఒకరి పెండ్లిదండను చేతికి తీసికొనుడు. ఇతరులు నమ్మి ఇచ్చిన వస్తువును చెడకుండ తిరిగి ఇచ్చుటయే చేతిపనివానికి మొదటి గౌరవము.