వేలిగోరంత చేప

ఫిలిప్పైను దీవులలో బూహి అను సరస్సున ఒక చిత్రమైన చేప దొరకును. దానిని దోసిట పోసికొని చూచినచో చేపలని తోచదు. ఉడికిన సగ్గుబియ్యమువలె ఒక ముద్దగా నుండును. ఆ ముద్దలో నల్లని చుక్కలు మాత్రము కానవచ్చును. పరకాయించి చూడగా ఆ చుక్కలు కన్నులనియు, ఒక్కొక్క జత కన్నుల వెనుక గాజువంటి సన్నని దేహ మొకటి కలదనియు తెలియును.

దీనిని అచ్చటివారు సినరపాన్ అందురు. పూర్తిగా ఎదిగిన చేపకూడ సుమారు 12 మిల్లీమీటర్లే యుండును; అనగా పెద్దవాని బొటనవ్రేలి గోరంత. 1902లో హ్యూ స్మిత్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను. వెన్నెముక గల ప్రాణులలో ఇంతకంటె చిన్నది అప్పటికి తెలియదు. పిమ్మట మరింత చిన్నవి కనుగొనబడినవి. 2006లో సుమత్రాదీవిని ఒక చేప, 2012లో న్యూగినీలో ఒక కప్ప ఎనిమిది మిల్లీమీటర్లకు లోబడినవిగా ప్రకటింపబడినవి. కాని వానిని ఎవరును వండుకొని తినరు. సినరపాన్ మాత్రము తరతరములుగా వంటయింటిలోనికి వచ్చుచున్న చేప. తినుటకై పట్టి అమ్మెడి చేపలలో ఇదియే అన్నిటికంటె చిన్నదని ప్రసిద్ధి.

ఫిలిప్పైను దేశమున 7,641 దీవులు కలవు. అచ్చట సముద్రమునకు గాని, నదికి గాని, సరస్సునకు గాని మిక్కిలి దూరమైన ఊరు అరుదు. అందుచే చేపయు అన్నమును అచ్చటి వారికి నిత్యాహారములు. ఆ దేశపు తగాలోగు భాషలో పొలమున పండిన ధాన్యము ‘పాలాయ్’, దంచిన గింజ ‘బిగాస్’, ఉడికినది ‘కానిన్’. ఇంగ్లీషున సామాన్యముగా ఈ మూటికిని ఒక్కటే మాట. వడ్లు, బియ్యము, అన్నము అని వేరుగా పలుకు తెలుగు పిల్లలకు ఈ భేదమును ఎవరును వివరింప నక్కరలేదు. అన్నములోనికి నంజుకొనునది ఏదైనను ‘ఊలమ్’. పెద్ద చేపను కొనలేని ఇంట చిరుచేపయే ఊలమ్. అది ఉప్పగానో పుల్లగానో ఉండుటచే, కొంచెము కూరతో ఎక్కువ అన్నము తినవచ్చును.

పెద్ద చేపను వండుట ఎట్లో తెలియనివారు లేరు. పొలుసు గీకి, కడుపు చీల్చి, శుభ్రము చేసి, ముక్కలు కోయుదురు. గోరంత చేపకు ఈ పను లేవియు కుదరవు. కత్తికి అందుచో పొలుసును లేదు, చీల్చుటకు కడుపును లేదు. అందుచే అచ్చటి గృహిణి ఈ చేపలను సన్నని జల్లెడలోగాని పలుచని గుడ్డలోగాని పోసి, నీటిలో ముంచి తీయుచు కడుగును. చేతితో పిసికినచో ముద్ద ముద్దయై పోవును. నలుసులు, నాచు, చిన్న రొయ్యలు ఏవైన కలసియున్నచో ఓపికతో ఏరివేయును. ప్రేవులతో గూడ నుండుటచేతను, దేహము మెత్తనిదగుటచేతను ఇవి ఎండకు శీఘ్రముగా చెడును. అందుచే ఉదయమున తెచ్చినది మధ్యాహ్నము లోపల పొయ్యి మీదికి ఎక్కవలసినదే. లేదా ఉప్పులోనికో ఎండలోనికో పోవలసినదే.

బూహి సరస్సు బికోల్ అను ప్రాంతములోనిది. ఇది లూజోను దీవికి ఆగ్నేయమున కలదు. అగ్నిపర్వతములకును, కొబ్బరితోటలకును, కారమునకును ఆ ప్రాంతము పేరుపొందినది. తక్కిన ఫిలిప్పైను ప్రజలు కారము అంతగా తినరు. బికోలువారు మాత్రము చిన్న మిరపకాయలను విడువరు. వారు కొబ్బరి తురుమును పిండి తీసిన పాలను ‘గాతా’ అందురు. మొదటి పిండుటలో వచ్చిన చిక్కని పాలను ఒక ప్రక్క నుంచి, తురుమున నీరు పోసి మరల పిండి పలుచని పాలు తీయుదురు. ఈ పలుచని పాలలో అల్లము, వెల్లుల్లి, ఉల్లి, మిరపకాయలు వేసి కాచుదురు. అవి మెత్తబడిన పిదప చేపలను జారవిడుతురు. చిక్కని పాలు చివరకు. మొదటనే పోసినచో అవి విరిగి నూనె తేలును. చేపలు వేసిన తరువాత గరిటె ఆడింపరాదు. గాజువలె నున్నవి కన్ను మూసి తెరచునంతలో తెల్లబడును. అంతే, దింపవలెను. ఈ వంటలో నేర్పంతయు దింపుటలోనే కలదు. క్షణ మాలస్యమైనచో చేప ఏది, పాలు ఏవి అని వెదకికొనవలసి వచ్చును.

మనీలాకు దక్షిణముననున్న బతాంగస్ ప్రాంతమున దులోంగ్ అను మరియొక చిరుచేప దొరకును. ఇదియు పారదర్శకమైనదే. దీనిని గిలకొట్టిన గ్రుడ్డుతో కలిపి, ఉల్లి తరుగు చేర్చి, నూనెలో పలుచని అట్లవలె కాల్చుదురు. చేపకు చేప అతుకుకొనదు గనుక గ్రుడ్డు కావలసివచ్చినది. అరటియాకులలో పొట్లముగా కట్టి ఉడికించు పద్ధతియు కలదు. ఆకు ఆ చిన్నవానిని చెదరనీయదు, అడుగంటనీయదు.

వీనికంటె కొంచెము పెద్దది దిలిస్. మన సముద్రతీరమున నెత్తళ్ళని పిలువబడు చేపలు ఈ తెగలోనివే. దిలిస్ ఎండబెట్టినదైనచో నూనెలో కరకరలాడునట్లు వేయించి, వెల్లుల్లి వేసి వేయించిన చద్దియన్నముతో ఉదయమున తిందురు; ప్రక్కను ఒక చిన్న గిన్నెలో వెనిగరు ఉండవలసినదే. ఆ వెనిగరును కొబ్బరి కల్లునుండియు, చెరకు రసమునుండియు, తాటిజాతి చెట్ల కల్లునుండియు ఇంటిలోనే పులియబెట్టుకొను అలవాటు కలదు. పచ్చి దిలిస్ దొరకినప్పుడు పొయ్యితో పనిలేని వంట యొకటి చేయుదురు. దాని పేరు కినిలావ్. తలను వ్రేళ్ళతో గిల్లి లాగినచో ప్రేవులు దానితో వచ్చును. బొటనవ్రేలితో వీపువెంట నొక్కినచో ముల్లును వచ్చును. మిగిలిన కండపై వెనిగరు పోసి అల్లము, ఉల్లి, మిరపకాయలు కలుపుదురు. పులుపు తగులగానే కండ తెల్లబడి గట్టిపడును. నిప్పు చేయు మార్పునే పులుపును చేయునన్నమాట. అయినను పులుపు నిప్పువలె సూక్ష్మజీవుల నన్నిటిని చంపజాలదు. కావున పొద్దున పట్టిన చేపకే ఈ వంట తగును.

ఒక్కొక్క దినమున వల నిండుగా వచ్చును. ఊరంతయు తిన్నను మిగులును. అప్పటికి ‘బగోంగు’ కలదు. మూడు పాళ్ళు చేపకు ఒక పాలు ఉప్పు చొప్పున కలిపి, జాడీలలో మూతపెట్టి నెలల తరబడి నిలువచేయుదురు. కుళ్ళు కలిగించు జీవులను ఉప్పు పెరుగనీయదు. చేప ప్రేవులలోని జీర్ణరసములు మాత్రము తమ పని మానవు. అవి చేప కండనే మెల్లమెల్లగా కరగించును. ప్రేవులు తీయరాని చేపయగుట ఇచ్చట లోపము కాక ఉపకారమైనది. పైకి తేలిన తేటను తీసిన అది ‘పాతిస్’. ఉప్పునకు బదులు కూరలలో వాడుదురు. అడుగున మిగిలిన చిక్కని ముద్దతో కాయగూరలు వండుదురు. ఈ బగోంగునకు పంగాసినాన్ సీమ పేరుగాంచినది. ఆ సీమ పేరులోని ‘ఆసిన్’ అను మాటకు అర్థమే ఉప్పు.

చిరుచేప తినువాడు తలను, ముల్లును, కన్నులను కూడ తినును. పెద్ద చేప ముల్లు విస్తరి ప్రక్కకు పోవును. చిన్న చేప ముల్లు కడుపులోనికి పోయి ఎముకలకు కావలసిన సున్నపు ధాతువు నిచ్చును. పాలు విరివిగా దొరకని ఇండ్ల పిల్లలకు ఇది సామాన్యమైన లాభము కాదు.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని చేప చిన్నదగుటకు రెండు కారణము లుండవచ్చును. సినరపానువలె అది పుట్టుకచేతనే చిన్నజాతి కావచ్చును. లేదా పెద్ద చేప పిల్ల కావచ్చును. ఉడికిన తరువాత గిన్నెలో రెండును ఒక్కటిగానే కనిపించును. నీటిలో మాత్రము ఆ రెంటికిని చాల భేదము కలదు. లూజోనుకు ఉత్తరమున ఇలోకోస్, కగయాన్ ప్రాంతములలో దొరకు ‘ఇపోన్’ రెండవ తెగలోనిది. కొన్ని జాతుల చేపలు నదులలో రాళ్ళమీద గ్రుడ్లు పెట్టును. పుట్టిన పిల్లలు ప్రవాహముతో సముద్రమునకు కొట్టుకొనిపోయి, అచ్చట కొన్ని నెలలు పెరిగి, మరల గుంపులు గుంపులుగా నదీముఖములకు వచ్చును. ఏడాదిలో కొన్ని నెలలలో, చంద్రుని తిథులను బట్టి వచ్చు ఈ గుంపులకై జాలరులు కాచుకొని యుందురు. వలలో పడినవి కూరయగును, లేదా బగోంగగును. తప్పించుకొన్నవి నది నెక్కి పెద్దవై గ్రుడ్లు పెట్టును. అందరును అన్నింటిని పట్టినచో మరుసటి ఏట ఎక్కి రావలసిన వెవ్వి?

ఇట్టి సన్ని వేశము తెలుగువారికి క్రొత్తది కాదు. గౌతమీ గోదావరి సముద్రమున కలియుచోట, యానాము పరిసరములలో, ఏటేట అక్టోబరు నవంబరు నెలలలో చీరమేను వచ్చును. చీరలతో పట్టుటచే దాని కా పేరు వచ్చినదందురు. దానిని తూచి కాక గ్లాసులతోను బకెట్లతోను కొలిచి అమ్ముదురు. చీరమేనుతో గారెలు చేయుదురు. బతాంగసు గృహిణి గ్రుడ్డుతో చేసిన పనిని గోదావరి గృహిణి పప్పుపిండితో చేయుచున్నది.

ఫిలిప్పైను ప్రభుత్వము 1998లో చేసిన మత్స్యచట్టము ఈ భేదమును గుర్తించినది. సన్నని కన్నుల వలలను అది నిషేధించినది. కాని స్వభావముచేతనే చిన్నవై, అప్పటికే ఎదిగియున్న జాతులను పట్టుటకు మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపులో ‘తాబియోస్’ అను పేరు స్పష్టముగ కలదు. సినరపాను వంటి చిట్టిచేపలకు అది వాడుక పేరు. చేపపిల్లలను పట్టుటకును కొంత వెసులుబాటు కలదు. ఏలయన చెరువులలో పెంచువారికి అవి కావలయును. చట్టమున ఇన్ని మాటలు చేర్చవలసి వచ్చినదన్నచో, ఒక సన్నని వల వెనుక ఎందరి అన్నము కలదో ఊహింపవచ్చును.

అయితే సినరపాన్ ఎదిగిన చేపయే కదా, ఎంత పట్టినను తరుగదని బూహి ఒడ్డున చాలకాలము తలచిరి. పూర్వము చేతితో త్రోయు వలలు వాడెడివారు. పిమ్మట యంత్రపు పడవలకు కట్టిన పెద్ద వలలు వచ్చినవి. అవి సరస్సును తుడిచినట్లు తుడిచినవి. అదే కాలమున, ప్రజలకు మరింత చేప దొరకునను సదుద్దేశముతోనే, తిలాపియా మొదలగు పరదేశపు చేపలను సరస్సున విడిచిరి. అవి పెద్దవి, త్వరగా పెరుగునవి. చిన్నవానికి ఆహారమునకును చోటునకును పోటీ వచ్చినవి. 1970, 1980 దశకములలో సినరపాన్ దాదాపు కనరాకుండ పోయెను. అంగడిలో రాశులుగా పోసి అమ్మిన చేప కొన్నియేండ్లు పేరు మాత్రమై నిలిచెను. అదృష్టవశమున ఆ చుట్టుపట్ల చిన్న సరస్సులలో అది మిగిలి యుండెను. పిదప బూహిలోనే కొంత భాగమును వలలు వేయరాని చోటుగా నిర్ణయించి కాపాడసాగిరి.

నేడు బూహి సరస్సున పంజరములవంటి వలలలో తిలాపియాను పెంచుచున్నారు. బికోలు గృహిణి దానిని ఆకుకూరలో చుట్టి, అల్లము, ఉల్లి, చిన్న మిరపకాయలు వేసి, వెనుకటి కొబ్బరిపాలలోనే వండును. రుచికి లోటు లేదు. దానికి మాత్రము పొలుసు గీకవలెను, కడుపు చీల్చవలెను. తినునప్పుడు ముళ్ళు ఏరి ప్రక్కన పెట్టవలెను.