అవగాహన: ప్రింటర్ నాజిల్ మూసుకుపోతే ఏ ద్రావణం వాడాలి?

మే నెల వస్తే కావలి పట్టణంలోని జిరాక్స్ షాపులకు ఊపిరాడదు. హాల్‌టికెట్లు, ర్యాంకు కార్డులు, కౌన్సెలింగ్ దరఖాస్తులు వరుస కడతాయి. సరిగ్గా అప్పుడే అక్షరాల మధ్య తెల్లచారలు పడతాయి, పసుపు రంగు అసలు దిగదు. ‘హెడ్ జామ్ అయింది’ అంటారు షాపువాళ్లు. ఆ కంగారులో చేతికందిన ద్రవమేదో పోస్తే బాగయ్యే హెడ్ కూడా పాడవుతుంది. ఇంకులో ఏముందో తెలిస్తే ఏ ద్రవం పనిచేస్తుందో ఎవరైనా తేల్చుకోవచ్చు. దీనికి కావలసింది ఇంటర్ రసాయన శాస్త్రమే. స్నిగ్ధత, కొల్లాయిడ్లు, స్కందనం, కఠిన జలం పోటీ పరీక్షల జనరల్ సైన్స్‌లోనూ వచ్చే అంశాలే.

నేపథ్యం

- ద్రవధార బిందువులుగా ఎందుకు విడిపోతుందో 1878లో లార్డ్ రేలీ గణితపరంగా వివరించారు.
- పీడన విద్యుత్ ప్రభావాన్ని 1880లో జాక్, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు.
- థర్మల్ పద్ధతిలో పనిచేసే థింక్‌జెట్ ప్రింటర్‌ను హెచ్‌పీ 1984లో విడుదల చేసింది.

ఎలా పనిచేస్తుంది?

హెచ్‌పీ, కానన్ ఇంక్‌జెట్‌లలో సాధారణంగా థర్మల్ పద్ధతి ఉంటుంది. చిన్న హీటర్ క్షణంలో వేడెక్కి ఆవిరి బుడగను పుట్టిస్తుంది, ఆ బుడగ ఇంకు బిందువును బయటికి నెడుతుంది. ఎప్సన్‌లో పీజో (పీడన విద్యుత్) పద్ధతి. విద్యుత్ అందగానే పీజో పదార్థం వంగి ఇంకును నొక్కుతుంది. హెడ్‌లోని నాజిల్ రంధ్రం వ్యాసం సుమారు 20 మైక్రోమీటర్లు, అంటే తలవెంట్రుక కన్నా సన్నం. బిందువు పరిమాణాన్ని పికోలీటర్లలో కొలుస్తారు. లీటరులో లక్ష కోట్ల వంతు ఒక పికోలీటరు.

కార్ట్రిడ్జ్‌లోనే హెడ్ ఉండే ప్రింటర్లలో కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ కూడా మారిపోతుంది. ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో హెడ్ యంత్రంలో భాగం. దాన్ని మార్చడం ఖర్చుతో కూడిన పని కాబట్టి శుభ్రం చేసే పద్ధతి కచ్చితంగా తెలియాలి.

ఎందుకు మూసుకుపోతుంది?

ఈ ప్రింటర్ల ఇంకులో ఎక్కువ భాగం నీరే. త్వరగా ఆరిపోకుండా గ్లిజరిన్, గ్లైకాల్ వంటి తేమను పట్టి ఉంచే పదార్థాలు కలుపుతారు. నీరు ఆవిరయ్యేకొద్దీ స్నిగ్ధత పెరిగి ఇంకు చిక్కబడుతుంది. కావలిలో ఎండాకాలం పడమటి గాలి వీచే రోజుల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ పడిపోతుంది. రోడ్డు వైపు తెరిచి ఉండే షాపుల్లోకి దుమ్ము కూడా చేరుతుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే హెడ్ తన మూత దగ్గరికి చేరకుండానే ఆగిపోయి, గాలికి ఆరుతుంది.

డై ఇంకులో రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ ఇంకు కొల్లాయిడ్. అందులోని సూక్ష్మ కణాలు సాధారణంగా రుణావేశంతో ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఆ ఆవేశం పోతే గడ్డకడతాయి, దీన్నే స్కందనం అంటారు. చాలా ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్, మిగతా రంగులు డై.

శుభ్రపరిచే ద్రావణంలో ఏముంటుంది?

- స్వేదన జలం: ఆరిన డై ఇంకును మళ్లీ కరిగిస్తుంది. మొదట వాడాల్సింది ఇదే.
- గ్లైకాల్: ద్రావణం త్వరగా ఆరకుండా చూస్తుంది, గట్టిపడిన ఇంకును మెత్తబరుస్తుంది.
- సర్ఫాక్టెంట్: తలతన్యతను తగ్గిస్తుంది. దాంతో ద్రావణం సన్నని రంధ్రంలోకి చొచ్చుకుపోతుంది.
- స్వల్ప క్షారం: చాలా తక్కువ అమోనియా వంటిది. పిగ్మెంట్ కణాలకు ఆవేశం తిరిగి వచ్చేందుకు తోడ్పడుతుంది.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్: కొద్ది మోతాదులోనే మేలు. ఎక్కువైతే కొన్ని పిగ్మెంట్ ఇంకుల్లోని రెజిన్ విడిపోయి ముద్దకడుతుంది. ఇది మండే ద్రవం కాబట్టి ప్లగ్ తీశాకే వాడాలి.

ఇవి వద్దు

బోరునీరు: తీరప్రాంతంలో బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పగా, కఠినంగా ఉంటాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లపై రెండు ధనావేశాలు ఉంటాయి. హార్డీ-షూల్జ్ నియమం ప్రకారం వ్యతిరేక ఆవేశం గల అయాన్ సంయోజకత ఎంత ఎక్కువైతే స్కందన శక్తి అంత ఎక్కువ. అందుకే బోరునీరు పిగ్మెంట్‌ను రంధ్రంలోనే గడ్డకట్టించగలదు.

నిమ్మరసం, వెనిగర్: ఆమ్లం పిగ్మెంట్ కణాల ఆవేశాన్ని తగ్గిస్తుంది.

అసిటోన్, థిన్నర్: ప్లాస్టిక్‌ను, జిగురును దెబ్బతీస్తాయి.

అమోనియాలో బ్లీచ్: రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరమైన్ వాయువులు వెలువడతాయి.

ఫ్లెక్సీ యంత్రాల సాల్వెంట్ ఇంకుకు నీటి ద్రావణం పనిచేయదు. ఆ ఇంకు తయారీదారు ఇచ్చే ఫ్లష్‌నే వాడాలి.

ఏ వరుసలో చేయాలి?

1. నాజిల్ చెక్ తీసి ఏ రంగు గీతలు తెగాయో చూడండి.
2. హెడ్ క్లీనింగ్ మూడుసార్లకు మించొద్దు. ప్రతిసారీ ఇంకు వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది.
3. ఫలితం లేకపోతే కనీసం 12 గంటలు ప్రింటర్‌ను అలాగే వదిలేసి మళ్లీ చెక్ తీయండి.
4. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, నూలుపోగులు రాలని గుడ్డను ద్రావణంతో తడిపి హెడ్ కింద పరచండి. కొన్ని గంటల తర్వాత గుడ్డ మీద రంగుల గీతలు వరుసగా దిగితే దారి తెరుచుకుంటున్నట్టే. గీత దిగని రంగు ఇంకా మూసుకునే ఉంది.
5. సిరంజితో బలంగా నెట్టకండి. ఒత్తిడికి హెడ్ లోపలి గదులు దెబ్బతింటాయి.

వారానికోసారి ఒక రంగుల పేజీ తీయడం, గోడ స్విచ్‌తో కాక ప్రింటర్ బటన్‌తోనే ఆపడం, యూపీఎస్ పెట్టుకోవడం అన్నిటికన్నా చవకైన రక్షణ. చిన్న షాపుకు రోజు కూలి, విద్యార్థికి గడువు లోపల దరఖాస్తు... రెండూ ఈ జాగ్రత్త మీదే నిలబడి ఉన్నాయి.

మాదిరి ప్రశ్నలు

1. సర్ఫాక్టెంట్ దేన్ని తగ్గిస్తుంది?
జవాబు: తలతన్యత

2. రుణావేశ కొల్లాయిడ్‌ను ఎక్కువ శక్తితో స్కందనం చేసేది ఏది: సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం అయాన్లు?
జవాబు: అల్యూమినియం అయాన్

3. పీజో ప్రింట్‌హెడ్ ఏ ప్రభావంపై ఆధారపడుతుంది?
జవాబు: విలోమ పీడన విద్యుత్ ప్రభావం (విద్యుత్ అందితే పదార్థం వంగడం)

4. పిగ్మెంట్ ఇంకు హెడ్‌కు బోరునీరు ఎందుకు పనికిరాదు?
జవాబు: అందులోని ద్విసంయోజక అయాన్లు పిగ్మెంట్ కణాలను స్కందనం చేస్తాయి, ఆరాక లవణాలు రంధ్రంలో మిగిలిపోతాయి.